సైకిల్‌తో కాల్‌ట్రెయిన్ ఎక్కేవాళ్ల కోసం ఒక రివ్యూ

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న ఈ బే ఏరియాలో కారు లేకుండా ఆఫీసుకు వెళ్లొచ్చా అని కొత్తగా వచ్చిన మనవాళ్లు తరచూ అడుగుతుంటారు. ఇల్లూ ఆఫీసూ రెండూ ఇక్కడి లోకల్ రైలు కాల్‌ట్రెయిన్ స్టేషన్లకు రెండు మూడు మైళ్ల లోపు ఉంటే శుభ్రంగా వెళ్లొచ్చు. కాకపోతే ఆ రెండు మూడు మైళ్లే అసలు సమస్య, నడవడానికి ఎక్కువ, ఊబర్‌కు తక్కువ, బస్సు కోసం నిలబడితే రైలు మిగిల్చిన టైమంతా అక్కడే పోతుంది. సైకిల్ ఉంటే ఆ గొడవ లేదు, అయితే ఆ సైకిల్ మనతోపాటు రైలెక్కాలి, అటు దిగాక మళ్లీ తొక్కాలి. నేను సన్నీవేల్ వైపు ఉంటాను, శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాలంటే ఇలాగే వెళ్తాను కాబట్టి, రైలు మొత్తం గురించి కాకుండా ఒక్క సైకిల్ సంగతి గురించే ఈ రివ్యూ రాస్తున్నా.

ముందు తీర్పు చెప్పేస్తాను: నాకు తెలిసిన లోకల్ రైళ్లలో సైకిల్‌వాళ్లను ఇంత మర్యాదగా చూసేది ఇంకోటి లేదు. లోపాలు లేవని కాదు, వాటి గురించి కూడా చెప్తాను.

తెలియనివాళ్ల కోసం కొంచెం వివరం. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫోర్త్ అండ్ కింగ్ స్టేషన్ నుంచి శాన్ హోసే దాకా నడిచే రైలు ఇది, పనిదినాల్లో కొన్ని సర్వీసులు దక్షిణాన గిల్‌రాయ్ దాకా ఉంటాయి. 2024 సెప్టెంబర్ 21 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్ హోసే మధ్య డీజిల్ ఇంజన్లు పోయి పూర్తిగా కరెంటు రైళ్లు వచ్చాయి, స్టాడ్లర్ కంపెనీ చేసిన డబుల్ డెక్కర్లు. ఒక్కో రైలుకు 7 పెట్టెలు, అందులో 2 సైకిళ్ల పెట్టెలు, వీటినే ఇక్కడ బైక్ కార్ అంటారు. ఒక్కో దాంట్లో 36 సైకిళ్లు, అంటే రైలుకు 72. సైకిల్‌కు వేరే టికెట్ లేదు, ముందుగా బుక్ చేసుకోవడం లేదు, ఇక్కడి రైళ్లకూ బస్సులకూ వాడే మీ క్లిప్పర్ కార్డు ట్యాప్ చేసి ఎక్కడమే.

అన్నిటికంటే ముఖ్యమైనది, పొద్దున రద్దీలో కూడా సైకిల్ తీసుకెళ్లొచ్చు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. సైకిళ్ల దేశమని పేరున్న నెదర్లాండ్స్‌లోనే పనిదినాల్లో పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా మామూలు సైకిల్‌ను రైల్లోకి రానివ్వరు, మిగతా వేళల్లో కూడా దానికి విడిగా టికెట్ కొనాలి. జర్మనీలో చదువుకునే మన పిల్లలకు ఇంకో తలనొప్పి, వాళ్ల చేతిలో ఉండే డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాసులో సైకిల్ కలవదు, పైగా ఒక రాష్ట్రానికీ ఇంకో రాష్ట్రానికీ రూలు మారుతుంది. థూరింగియాలో రీజినల్ రైళ్లలో ఉచితం, బార్డర్ దాటి బవేరియాలోకి వెళ్తే డబ్బులు. అక్కడి రైళ్లు ఎంత దూరమైనా తీసుకెళ్తాయి, దాని ముందు మా రైలు లెక్కే కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆఫీసుకు వెళ్లే మనిషికి సైకిల్ కావాల్సింది సరిగ్గా ఆ రద్దీ వేళలోనే కదా, అప్పుడే వద్దంటే ఆదివారం షికారుకు తప్ప ఆ సదుపాయం ఎందుకు?

ఇక్కడ ఇది ఊరికే రాలేదు. 1992లో ఏదో ప్రయోగంలా కొద్ది సైకిళ్లతో మొదలుపెట్టారు, ఎక్కేవాళ్లు పెరుగుతూ పోయారు, ఒక దశలో పెట్టె నిండిపోయి సైకిళ్లతో వచ్చినవాళ్లు ప్లాట్‌ఫాం మీదే మిగిలిపోవడం మామూలైంది. సైకిల్ సంఘాల వాళ్లు మీటింగులకు వెళ్లి వెళ్లి అడిగారు. 2015లో, కరెంటు రైళ్ల డిజైన్ ఇంకా కాగితం మీద ఉన్నప్పుడే, ప్రతి 8 సీట్లకు 1 సైకిల్ చోటు ఉండాలని కాల్‌ట్రెయిన్ పాలకమండలి ఒక నిష్పత్తి పెట్టుకుంది. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది ఇదే. రైలు కొన్నాక "సైకిళ్లు ఎక్కడ పెడదాం" అని మూల వెతకలేదు, సీట్లతోపాటే సైకిళ్లనూ లెక్కేసి పెట్టెలు ఆర్డర్ ఇచ్చారు. చాలాచోట్ల జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. "సైకిళ్లకు అనుమతి ఉంది, స్థలం ఉంటే" అని బోర్డు రాస్తారు, ఆ స్థలం వీల్‌చెయిర్‌కూ చంటిపిల్లల బండికీ పెద్ద సూట్‌కేసులకూ కూడా అదే, చివరికి అందరూ ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు. (పాతవాళ్లు గుర్తుచేసేది ఒకటుంది, గ్యాలరీ అనే రకం పెట్టెలున్న పాత డీజిల్ రైళ్లలో 80 పట్టేవి, ఇప్పుడు 72 అంటే తగ్గించినట్టే కదా అని. నిజమే, కానీ అప్పట్లో ఏ రైలుకు ఏ రకం పెట్టెలు వస్తాయో, సైకిల్ పెట్టె ముందుంటుందో వెనకుంటుందో తెలిసేది కాదు. ఇప్పుడు కరెంటు రైళ్లన్నీ ఒకే రకం, అలవాటైనవాళ్లు ప్లాట్‌ఫాం మీద దాదాపు ఆ తలుపు ఆగేచోటే నిలబడి ఉంటారు. కొత్తవాళ్లయితే వాళ్ల వెనకే నిలబడండి, అంతకంటే మంచి సైన్‌బోర్డు లేదు.)

ఇక లోపలికి వెళ్దాం, అసలు చదువు అక్కడే ఉంది. ఒక్కో సైకిల్‌కు ఒక్కో స్టాండు ఉంటుందనుకోకండి. ఒక్కో రాక్‌కు నాలుగేసి, ఒకదాని మీద ఒకటి ఆనించి నిలబెట్టాలి, పైనుంచి ఎలాస్టిక్ బంజీ తాడు లాగి బిగించాలి. అంటే మీ సైకిల్ మొదట పెడితే దాని ముందు ఇంకో మూడు వచ్చి నిలబడతాయి. మరి మీరు మధ్యలో దిగాలంటే? దానికే ట్యాగులు. దిగే స్టేషన్ పేరున్న ట్యాగ్ సైకిల్‌కు కట్టుకుంటారు, వెనకాల వచ్చినవాళ్లు దాన్ని చూసి ఏ రాక్‌లో పెట్టాలో తేల్చుకుంటారు. దూరం వెళ్లేది గోడ వైపు, ముందు దిగేది బయట వైపు. మీరు పాలో ఆల్టోలో దిగుతారు, రాక్‌లో బయటున్న సైకిల్‌కు శాన్ మాటెయో అని ఉంది, మీరు ఉత్తరానికి వెళ్తున్నారు, అయితే మీది దాని ముందు పెట్టొచ్చు. అదే దానికి మౌంటెన్ వ్యూ అని ఉంటే ఇంకో రాక్ చూసుకోవాలి, లేదంటే ఆయన దిగేటప్పుడు మీ సైకిల్ పక్కకు లాగి తన సైకిల్ తీసుకోవాల్సి వస్తుంది, అక్కడ రైలు ఆగేది నిమిషంలోపే.

వినడానికి గందరగోళంగా ఉన్నా రెండు మూడు సార్లకే చేతికి అలవాటైపోతుంది. ట్యాగ్ లేకపోతే నోటితో అడుగుతారు, "ఎక్కడ దిగుతున్నారు?" అని. రైల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోని ఈ దేశంలో అపరిచితులు మాట్లాడుకునే పెట్టె ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. ఎవరూ చెప్పకుండానే ఇంకొకరి సైకిల్ పడిపోకుండా పట్టుకుంటారు, తాడు తెగిన రాక్ అయితే ముందే చెప్తారు. మన సైకిల్ హ్యాండిల్ వేరేవాళ్ల చక్రంలో ఇరుక్కుంటే ఇద్దరూ కలిసి విడదీస్తారు, దానికి సారీలు కూడా పెద్దగా ఉండవు.

పోయిన వేసవిలో మా మామయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు ఆయన్ని ఈ పెట్టెలోకే ఎక్కించాను, చూపిద్దామని. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, ఒక్కొక్కళ్లు సైకిల్ ఎత్తి పెట్టడం, తాడు కట్టడం చూస్తూ ఉన్నారు. తర్వాత అడిగారు, "రసీదు ఎక్కడ రాయించుకోవాలి అల్లుడూ?" అని. రసీదు లేదు మామయ్యగారూ, ఎవరి సైకిల్ వాళ్లే పెట్టుకుంటారు అన్నాను. "మరి పార్శిల్ ఆఫీసు?" అదీ లేదు అంటే నమ్మలేదు. ఆయన ఉద్యోగం మొదట్లో బదిలీ అయినప్పుడు సైకిల్‌ను గోనెగుడ్డతో చుట్టి, పేరూ ఊరూ రాసిన అట్టముక్క కట్టి, స్టేషన్లో తూకం వేయించి, బ్రేక్ వ్యాన్‌లో పంపిన మనిషి మరి. "దిగాక మళ్లీ పార్శిల్ ఆఫీసులో రసీదు చూపించి తీసుకునే లోపు సగం పూట పోయేది, ఇక్కడేమో దిగుతూనే ఎక్కి తొక్కుకుపోతున్నారు, వీళ్లకి టెన్షన్ లేదయ్యా" అన్నారు.

టెన్షన్ అసలు లేదంటే అబద్ధం. ఉన్నవి చెప్తాను.

మొదటిది మెట్టు. ప్లాట్‌ఫాం ఎత్తూ రైలు నేల ఎత్తూ ఒకటి కావు, సైకిల్‌ను చేత్తో లేపి ఎక్కించాలి. మామూలు సైకిలైతే ఫర్వాలేదు, వెనక క్యారియర్ మీద లాప్‌టాప్ బ్యాగూ కూరగాయల సంచీ కట్టి ఉంటే మాత్రం నడుం తెలుస్తుంది. బరువైన ఎలక్ట్రిక్ సైకిళ్లకు ఇది ఇంకా కష్టం, పైగా అవి రాక్‌లో పక్క సైకిల్ మీద పడితే దాని సంగతి అంతే. ఇన్ని కోట్ల డాలర్లు పెట్టి కరెంటు లైను వేసి కొత్త రైళ్లు తెచ్చారు, ప్లాట్‌ఫాంలు కూడా ఆ ఎత్తుకు లేపి ఉంటే సైకిల్‌వాళ్లకే కాదు, వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లకీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకీ బాగుండేది. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద లోటు ఇదే. శాన్‌ఫ్రాన్సిస్కోలో ట్వెంటీ సెకండ్ స్ట్రీట్ స్టేషన్ అయితే మరీ, ప్లాట్‌ఫాం కింద ఉంటుంది, లిఫ్టు లేదు, మెట్ల మీద సైకిల్ మోసుకుంటూ ఎక్కాలి. నా సలహా, అక్కడ దిగకండి, ఇంకో స్టేషన్ ముందుకెళ్లి ఫోర్త్ అండ్ కింగ్‌లో దిగి వెనక్కి తొక్కుకోండి, నేల చదునుగా ఉంటుంది.

రెండోది కాపలా. సైకిల్ కనపడేచోట కూర్చోండి అని రైలువాళ్లే చెప్తారు, దొంగలు ఏ ఊళ్లోనైనా ఉంటారు, తలుపు తెరిచిన నిమిషంలో ఇంకొకరి సైకిల్ తీసుకుని దిగిపోవడం ఎంతసేపు? కానీ సైకిళ్లు నిలబెట్టే చోట కూర్చునే సీట్లు తక్కువ, పై అంతస్తుకు వెళ్తే కింద ఏం జరుగుతుందో తెలియదు. డిజైన్ సమయంలోనే సైకిల్‌వాళ్లు దీని గురించి గట్టిగా అడిగారు, పూర్తిగా తీరలేదనే చెప్పాలి. నేనైతే చక్రాన్నీ ఫ్రేమునీ కలిపి చిన్న తాళం వేస్తాను, రాక్‌కు కట్టను. రాక్‌కు కట్టేస్తే వెనకున్నవాళ్లు తీసుకోలేరు, తిట్లు తప్పవు. ఇంకో మాట, సైకిల్ లేనివాళ్లు దయచేసి ఆ పెట్టెలో కూర్చోకండి. ఖాళీగా కనిపిస్తుంది, ప్రశాంతంగా ఉంటుంది, నిజమే, కానీ మీరు కూర్చున్న సీటు ఎవరో తన సైకిల్‌ని చూసుకోవాల్సిన సీటు. మనవాళ్లే కుటుంబంతో ఎక్కి అక్కడ పులిహోర డబ్బాలు తెరవడం చూశాను, మిగతా పెట్టెల్లో కూడా పులిహోర అదే రుచిగా ఉంటుంది.

జెయింట్స్ టీమ్ బేస్‌బాల్ ఆట ఉన్న రోజు సాయంత్రం సైకిల్‌తో వెళ్లాలంటే ముందే ఆలోచించుకోండి, స్టేడియం ఫోర్త్ అండ్ కింగ్ పక్కనే, రైలు కిటకిటలాడుతుంది. ఆట షెడ్యూల్ చూసుకుని బయల్దేరడం మంచిది.

మడతపెట్టే సైకిల్ ఉన్నవాళ్లకు ఈ బాధలేవీ లేవు, మడిచి ఏ పెట్టెలోకైనా ఎక్కొచ్చు, సామానుతో సమానం. చిన్న చక్రాలతో రోజూ చాలా దూరం తొక్కాలంటే నాకు విసుగు, మీకు లేకపోతే అదే కొనుక్కోండి. ఇద్దరు కలిసి తొక్కే టాండెం సైకిళ్లు, మూడు చక్రాలవి, వెనక తగిలించే పిల్లల ట్రైలర్లు మాత్రం కుదరవు.

స్పీడు, సమయం సంగతి ఒక్క ముక్కలో: ఎక్స్‌ప్రెస్ అయితే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్ హోసేకు గంటలోపే, శని ఆదివారాల్లో ఇదివరకు గంటకొక రైలు ఉండేది, ఇప్పుడు అరగంటకొకటి. సైకిల్‌వాడికి ఇది పెద్ద వరం, ఎందుకంటే పెట్టె నిండిపోయి ఒక రైలు వదిలేయాల్సి వచ్చినా కొంప మునగదు. సైకిల్ చోటు పెంచడం ఎంత అవసరమో రైళ్ల సంఖ్య పెంచడమూ అంతే అవసరం అని నాకు ఈ మార్పు తర్వాతే బాగా అర్థమైంది.

దిగాక ఎక్కడికి వెళ్లాలన్నది రైలు చేతిలో లేదు, ఊరి చేతిలో ఉంది. మౌంటెన్ వ్యూలో దిగితే స్టేషన్‌కు దగ్గర్లోనే స్టీవెన్స్ క్రీక్ ట్రెయిల్, సిగ్నళ్లు లేకుండా కింద నుంచీ పై నుంచీ రోడ్లు దాటుకుంటూ షోర్‌లైన్ దాకా తీసుకెళ్తుంది, అటువైపు ఆఫీసులున్నవాళ్లు ఎంత అదృష్టవంతులో వాళ్లకు తెలుసో లేదో. పాలో ఆల్టోలో బ్రయంట్ స్ట్రీట్ సైకిళ్ల కోసమే సర్దిన వీధి, అక్కడ చిన్నపిల్లలు కూడా భయం లేకుండా తొక్కుతారు. శాన్ హోసే డిరిడాన్‌లో దిగితే గ్వాడలూప్ నది పక్క దారి. సన్నీవేల్‌లో మాత్రం స్టేషన్ నుంచి ఎల్ కమీనో మీదున్న ఇండియన్ దుకాణాలకు వెళ్లాలంటే దూరం కొంచెమే అయినా ఆ రోడ్డు మీద కార్ల మధ్య గుండె చేత్తో పట్టుకుని తొక్కాలి, పక్క వీధుల్లోంచి వెళ్లి చివర్లో మాత్రమే ఎల్ కమీనో ఎక్కండి.

వారాంతం షికారుకు నాకిష్టమైన దారి ఇది: ఫోర్త్ అండ్ కింగ్‌లో దిగి ఎంబార్కడేరో వెంట సముద్రాన్ని కుడిచేతి వైపు పెట్టుకుని గోల్డెన్ గేట్ బ్రిడ్జి దాకా, బ్రిడ్జి దాటి అవతలి ఊరు సాసలీటోలోకి దిగి, అక్కణ్నుంచి ఫెర్రీలో సైకిల్‌తో సహా తిరిగి ఊళ్లోకి. బ్రిడ్జి మీద గాలి మామూలుగా ఉండదు, జూలైలో కూడా జర్కిన్ ఉండాల్సిందే. అంత ఓపిక లేనివాళ్లు గోల్డెన్ గేట్ పార్కులో జేఎఫ్‌కే ప్రామెనాడ్‌కు వెళ్లండి, అక్కడ కార్లు లేవు, 2022లో జనం ఓటు వేసి మరీ అలా ఉంచుకున్నారు. కారులో వెళ్తే ఈ రెండింటికీ పార్కింగ్ వెతుక్కోవడంలోనే సగం ఆదివారం పోతుంది.

మిల్‌బ్రే స్టేషన్లో బార్ట్‌కు, అంటే ఇక్కడి మెట్రో రైలుకు, మారేవాళ్లు ఉంటారు కాబట్టి అదీ చెప్తాను. బార్ట్‌లో విడిగా సైకిల్ పెట్టె లేదు, మొదటి పెట్టెలోకి ఎప్పుడూ ఎక్కకూడదు, రద్దీ వేళల్లో మొదటి మూడింట్లోకీ ఎక్కకూడదు, కిక్కిరిసిన పెట్టెలోకి అసలే వద్దు. మిగతా వేళల్లో బాగానే ఉంటుంది.

హైదరాబాద్ మిత్రులకు ఇది పంపిస్తే వచ్చే జవాబు తెలుసు, "మాకు మనుషులకే చోటు లేదు, సైకిళ్లకా?" అంటారు. పొద్దున ఎంఎంటీఎస్‌లో లింగంపల్లి వైపు నిలబడి వెళ్లినవాళ్లెవరూ ఆ మాటను కాదనలేరు. కానీ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు కదా, దాని దాకా సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వెళ్లేవాళ్లే ఎక్కువ. ఆదివారం పొద్దున ఎంఎంటీఎస్‌లో ఒక్క పెట్టెలో సగం సైకిళ్లకు వదిలితే ఎవరికి నష్టం? కొచ్చి మెట్రో 2020లోనే సైకిళ్లను ఉచితంగా రానిచ్చింది, మన దేశంలో కుదరదు అనడానికి లేదు.

ఇక రోజూ ఒకే స్టేషన్ నుంచి ఒకే ఆఫీసుకు వెళ్లేవాళ్లకు నేనిచ్చే సలహా వేరు, సైకిల్ రైలెక్కించకండి. చాలా స్టేషన్లలో బైక్‌లింక్ లాకర్లు ఉన్నాయి, కార్డుతో తెరుచుకునే ఇనప పెట్టెలు, సైకిల్ మొత్తం లోపల పెట్టి తలుపు వేసుకోవచ్చు, గంటల లెక్కన అద్దె చాలా తక్కువ. ఇంటి వైపు ఒక పాత సైకిల్, ఆఫీసు వైపు ఇంకో పాత సైకిల్, రెండిటికీ చెరో లాకరు, మధ్యలో చేతులూపుకుంటూ రైల్లో పై అంతస్తులో కిటికీ పక్కన సీటు. రాక్‌లో మీరు వదిలిన చోటు నాలాగా రోజుకో వైపు తిరిగేవాళ్లకు పనికొస్తుంది.

అయిదుకు నాలుగు. ఆ ఒక్కటీ ప్లాట్‌ఫాం ఎత్తు సరిచేశాక ఇస్తాను.